నీళ్ళ మీద నెట్టేసిన నేరం

హైదరాబాద్‌లో జుట్టు పలచబడుతున్న ఏ కుర్రాణ్ణి కదిపినా ఒకటే మాట: "ఇక్కడి వాటర్ పడలేదన్నా." అమీర్‌పేట హాస్టళ్ళలో అదే, కూకట్‌పల్లి బ్యాచిలర్ రూముల్లో అదే. పండక్కి ఇంటికెళ్తే తల్లి కొడుకు నెత్తి నిమిరి "ఏం నీళ్ళురా నాయనా అవి" అని వాపోతుంది. సెలూన్లో కత్తెర ఆడిస్తున్నాయన తీర్పూ అదే. షవర్‌కి బిగించే ఫిల్టర్లు అమ్మేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు, వాళ్ళ బతుకుతెరువే అది. నీళ్ళు కాదంటే షాంపూ, షాంపూ కాదంటే హెల్మెట్, అదీ కాదంటే టెన్షన్. నేరం ఈ నలుగురి మధ్యే చేతులు మారుతూ ఉంటుంది గానీ ఒంట్లోకి మాత్రం రాదు.

ఈ నలుగురూ నిర్దోషులే. నుదుటి రెండు మూలల నుంచి వెనక్కి జరిగి, నడినెత్తిన పలచబడి, చివరికి చెవుల పైనా పెడతలలోనూ గుర్రపునాడా ఆకారంలో కాస్త జుట్టు మిగిల్చే బట్టతల ఉంది చూశారా, మగవాళ్ళ బట్టతలల్లో నూటికి తొంభై పాళ్ళు అదే. అది బయటినుంచి వచ్చేది కాదు. దాన్ని నడిపించేది మగ హార్మోను. ఆ హార్మోనుకి లొంగిపోయే కుదుళ్ళు పుట్టుకతోనే తల మీద ఉంటాయి. ఇదేమీ నిన్నామొన్నటి కబురు కాదు. 1942 నాటికే గట్టి సాక్ష్యం దొరికింది. మనం మాత్రం ఇంకా బోరుబావినే బోనెక్కిస్తున్నాం.

నీటివాదులు అబద్ధం చెబుతున్నారని నేననను. "ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నిక్షేపంలా ఉండేది, సిటీకొచ్చిన రెండేళ్ళకే ఊడిపోయింది" అన్నవాడు కళ్ళారా చూసిందే చెబుతున్నాడు. అయితే అతను ఊరు వదిలిన వయసెంత? ఇంటర్ అయ్యాక ఇంజినీరింగ్‌కో, డిగ్రీ అయ్యాక కోచింగ్‌కో, ఆ తర్వాత ఉద్యోగానికో. పద్దెనిమిదికీ పాతికకీ మధ్య. మగ హార్మోను పుంజుకునేది పదమూడు, పద్నాలుగేళ్ళప్పుడు. లొంగే కుదుళ్ళ మీద అది పనిచేయడం మొదలెట్టాక, ఆ పని అద్దంలో కనబడే దాకా రావడానికి ఇంకొన్నేళ్ళు పడుతుంది. తొందరగా వచ్చే రకం అయితే సరిగ్గా ఇరవైకి అటూ ఇటూగా బయటపడుతుంది. అంటే బట్టతల మొదలయ్యే వయసూ, తెలుగు కుర్రాడు పెట్టె సర్దుకుని బస్సెక్కే వయసూ ఒకటే. ఊళ్ళోనే ఉండిపోయి పొలం చూసుకుంటున్న అతని అన్నకీ అదే ఈడులో ఊడి ఉండొచ్చు. ఆ అన్న నీళ్ళని ఏమీ అనడు, ఎందుకంటే అతనికి నీళ్ళు మారలేదు. ఎండని అంటాడు.

దీనికి తోడు ఇంకో సంగతి ఉంది, నీటి వాదానికి అసలు ప్రాణం పోసింది అదే. సిటీకొచ్చిన కుర్రాళ్ళకి నిజంగానే జుట్టు దోసిళ్ళకొద్దీ రాలే సందర్భం ఒకటి వస్తుంది. మెస్ తిండి, బయటి తిండి, ఆ వెనకే టైఫాయిడో, కామెర్లో, డెంగీనో. ఒంటికి అంత పెద్ద దెబ్బ తగిలినప్పుడు పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒక్కసారిగా పెరగడం ఆపేసి విశ్రాంతిలోకి పోతాయి. రెండు మూడు నెలల తర్వాత మూకుమ్మడిగా రాలతాయి. డాక్టర్లు దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. కాన్పు తర్వాత ఆడవాళ్ళకి ఊడేది ఇదే, కొవిడ్ వచ్చి తగ్గాక ఎంతోమందికి ఊడిందీ ఇదే. ఇది తల అంతటా ఊడుతుంది, నుదుటి మూలల్ని ఎంచుకోదు. చాలావరకు కొన్ని నెలల్లో తనంతట తనే మళ్ళీ మొలుస్తుంది. ఈలోగా మనవాడు రూము మారతాడు, ఫిల్టర్ కొంటాడు, మినరల్ వాటర్‌తో తల కడుక్కుంటాడు. జుట్టు తిరిగి రాగానే మెప్పంతా ఫిల్టర్ కొట్టేస్తుంది. జ్వరం వచ్చింది మార్చిలో, జుట్టు రాలింది జూన్‌లో. ఆ రెంటికీ ముడి పెట్టడం ఎవరికీ తోచదు. రోజూ కళ్ళెదుట కనబడే బకెట్ నీళ్ళకి ముడి పెట్టడం తేలిక.

అసలు హైదరాబాద్ నీళ్ళంటే ఏ నీళ్ళు? నగరానికి మంజీరా, సింగూరు నుంచి కొన్ని వస్తాయి, కృష్ణ నుంచి కొన్ని, ఎల్లంపల్లి నుంచి గోదావరివి కొన్ని. అవి చాలనిచోట బోరు, ఎండాకాలం ట్యాంకరు. విజయవాడలో కృష్ణ నీళ్ళతో పెరిగినవాడు ఇక్కడికొచ్చి, పైపులో వచ్చిన అదే కృష్ణతో తలస్నానం చేసి, నీళ్ళు మారాయంటాడు. రాజమండ్రి వాడూ అంతే, గోదావరి వాణ్ణి వెతుక్కుంటూ ఇక్కడిదాకా వచ్చినా ఊరట లేదు.

"నదివి కాదండీ, మా అపార్ట్‌మెంట్‌వి బోరు నీళ్ళు, ఉప్పు" అంటారు. ఒప్పుకుందాం. ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువే. బకెట్ అంచుకి తెల్లగా పొర కడుతుంది, సబ్బు నురగ రాదు, తల దువ్వుకుంటే జుట్టు పీచులా ఉంటుంది. ఇదంతా నిజం. కానీ పీచుగా మారింది చర్మానికి బయట ఉన్న వెంట్రుక. అది ప్రాణం లేని భాగం. కఠినజలం వల్ల ఆ భాగం పటుత్వం తగ్గుతుందని ఒక పరిశోధన అంటే, తేడా ఏమీ లేదని ఇంకోటి అంది. ఏది నిజమైనా మన వ్యవహారానికి సంబంధం లేదు. వెంట్రుకని పుట్టించే కుదురు చర్మం కింద మిల్లీమీటర్ల లోతున, కొవ్వు పొర దగ్గర ఉంటుంది. అక్కడికి చేరేది రక్తం మోసుకొచ్చేది, షవర్ పోసేది కాదు.

ఉప్పే కారణమైతే గల్ఫ్ మాటేమిటి? కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి దుబాయ్‌కీ, కువైట్‌కీ వెళ్ళిన మనవాళ్ళు అక్కడి నీళ్ళకే జుట్టు పోయిందంటారు. అక్కడ కుళాయిలో వచ్చేవి చాలావరకు ఉప్పు తీసేసిన సముద్రపు నీళ్ళు. ఇక్కడేమో లవణాలు ఎక్కువై ఊడింది, అక్కడేమో లవణాలు తీసేస్తే ఊడింది. ఎటు తిప్పినా దోషి నీళ్ళే కావాలన్నప్పుడు విచారణ ఎందుకు? ఇక నల్గొండ. భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ మనుషుల్ని ఏం చేయగలదో దేశానికంతటికీ చూపించిన జిల్లా అది. పళ్ళు గారపట్టాయి, ఎముకలు వంగిపోయాయి. నీళ్ళు ఒంటిని పాడుచేయగలవనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆ నీళ్ళు చేసిన పాపాల చిట్టాలో కూడా ఈ గుర్రపునాడా బట్టతల లేదు.

అన్నింటికంటే సులువైన సాక్ష్యం ఇంట్లోనే ఉంది. భార్యాభర్తలు ఒకే ట్యాంకు నీళ్ళతో స్నానం చేస్తారు, తరచూ ఒకే షాంపూ వాడతారు. ఆయనకి నడినెత్తి నున్నబడింది, ఆవిడ జడ నడుము దాటింది. ఆడవాళ్ళకి పలచబడదని కాదు, పలచబడుతుంది. అయితే ఆ తీరు వేరు: పాపిట వెడల్పవుతుందేగానీ నుదురు వెనక్కి జరిగి గుండ్రంగా బోడి కావడం చాలా అరుదు. ఆడా మగా తేడా నీళ్ళకి ఎలా తెలిసింది? మగవాడి ముఖాన్నే తీసుకోండి. రోజూ అదే నీళ్ళతో మొహం కడుక్కుంటాడు, గడ్డం మాత్రం వద్దన్నా పెరుగుతూనే ఉంటుంది. నీళ్ళు తలకి విషమై, మూడంగుళాల కింద అమృతం ఎలా అయ్యాయి?

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు లాప్‌టాప్ చంకనెట్టుకుని ఊళ్ళకి పోయారు. కొందరు రెండేళ్ళదాకా తిరిగి రాలేదు. ఊరి నీళ్ళు, అమ్మ చేతి వంట, హెల్మెట్ లేదు, ట్రాఫిక్ పొగ లేదు. నీటివాదులు డబ్బులిచ్చి చేయించుకున్నా ఇంత మంచి ప్రయోగం కుదరదు. ఊళ్ళో ఒత్తైన జుట్టు పెంచుకుని కొత్త మనిషై గచ్చిబౌలిలో దిగినవాణ్ణి నేనైతే చూడలేదు.

బాత్రూం జాలీలో చిక్కుకున్న వెంట్రుకల్లో ఒకటి తీసి వెలుతురులో పట్టుకుని చూడండి. ఒక కొసన ఆవగింజలో పదోవంతు ఉండే తెల్లటి బుడిపె కనిపిస్తుంది. "వేరుతో సహా వచ్చేసింది" అని జనం హడలిపోయేది దాన్ని చూసే. అది వేరు కాదు. పెరుగుదల ఆగిపోయిన వెంట్రుక కిందిభాగం గట్టిపడి అలా తయారవుతుంది. అసలు కుదురు చర్మంలోనే ఉండిపోయింది. తల మీద వెంట్రుక రెండు నుంచి ఆరేళ్ళు పెరుగుతుంది, రెండు మూడు వారాల్లో పెరుగుదల ముగించుకుంటుంది, ఆ పైన మూడు నెలలపాటు ఊరికే అంటిపెట్టుకుని ఉండి రాలిపోతుంది. సుమారు లక్ష వెంట్రుకల్లో రోజుకి 50 నుంచి 100 ఇలా రాలడం మామూలే. కాబట్టి ఈ పొద్దున మీ చేతికొచ్చింది ఈ పొద్దుటి నీళ్ళకి ఊడింది కాదు, ఎప్పుడో మూడు నెలల కిందటే పని మానేసింది. నీళ్ళు చేసింది శవాన్ని ఒడ్డుకి చేర్చడమే. ఉప్పునీళ్ళకి జుట్టు తెగుతుందంటారే, ఆ తెగిన ముక్కకి ఈ తెల్ల బుడిపె ఉండదు.

అసలు బట్టతలలో లెక్కకి రావలసింది రాలిన వెంట్రుక కాదు, దాని స్థానంలో మొలిచేది. చర్మవ్యాధుల డాక్టరు భూతద్దం లాంటి పరికరాన్ని నడినెత్తి మీద ఆనించి తెర మీద చూపిస్తే ఒకే అంగుళంలో మూడు తరాలు కనిపిస్తాయి: దారంలా లావుగా ఉన్నవి, వాటి పక్కనే సగం సన్నబడ్డవి, వాటి మధ్యలో పసిపిల్లల ఒంటి మీద ఉండే నూగు లాంటివి. పెడతల మీదికి జరిపితే అన్నీ ఒకే లావు. పైనుంచి పడే నీళ్ళు అంత ఏరికోరి పక్కపక్క వెంట్రుకల్లో ఒకదాన్ని వదిలి ఒకదాన్ని చిక్కించలేవు.

ఆ పెడతల జుట్టే ఈ వ్యాజ్యాన్ని తేల్చేసింది. న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1950లలో పెడతల నుంచి చిన్న చిన్న చర్మపు ముక్కలు తీసి, బట్టతల ఉన్న చోట నాటి చూశాడు. 1959లో ఫలితాలు ప్రకటించాడు. నాటిన జుట్టు బోడి చర్మంలో బతికి, పెడతలలో పెరిగినట్టే పెరుగుతూ పోయింది. బట్టతల చోటినుంచి తీసి వేరేచోట నాటినవి మాత్రం అక్కడ కూడా చిక్కిపోయాయి. ఇవాళ జూబ్లీహిల్స్‌లో లక్షలు తీసుకుని చేసే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ మొత్తం ఈ ఒక్క సంగతి మీదే నిలబడి ఉంది. దీంతో ఎన్ని వాదాలు కూలతాయో చూడండి. నడినెత్తికి రక్తప్రసరణ చాలదన్నారు, మరి నాటిన వెంట్రుక అదే రక్తం తాగి ఎలా పెరుగుతోంది? నెత్తి చర్మం బిగుసుకుపోయిందన్నారు, అదే బిగువులో ఇది ఎలా బతికింది? హెల్మెట్ వేడన్నారు. హెల్మెట్ పెడతలనీ, చెవుల పైభాగాన్నీ కూడా మూస్తుంది, అక్కడేమో చెక్కుచెదరలేదు. ఇక చుండ్రు. నాటిన జుట్టు మొలిచేది ఆ చుండ్రు నెత్తి మీదే. గుణం నేలది కాదు, కుదురుది.

అయితే ఆ కుదుళ్ళని చిక్కించేది ఏమిటి? బీజాలు తీసేసిన మగవాళ్ళకి బట్టతల రాదని క్రీస్తుకు పూర్వమే హిపోక్రటిస్ గమనించాడు. ఇరవై మూడు శతాబ్దాల తర్వాత గానీ దాన్ని పట్టుదలగా పరీక్షించినవాడు రాలేదు. జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శరీరనిర్మాణ శాస్త్రవేత్త, ఈడు రాకముందే వృషణాలు పోయినవాళ్ళనీ, అవి పనిచేయనివాళ్ళనీ పరిశీలించి 1942లో ప్రకటించాడు. మగ హార్మోను లేని ఆ మనుషులకి వయసు మీదపడినా బట్టతల రాలేదు. వాళ్ళలో కొందరికి టెస్టోస్టిరాన్ ఇచ్చి చూశాడు. ఇంట్లో బట్టతల ఉన్నవాళ్ళకి జుట్టు ఊడటం మొదలైంది. ఇంట్లో లేనివాళ్ళకి అదే మందు ఇచ్చినా ఊడలేదు. మందు ఆపితే ఊడటం ముందుకు సాగలేదు, పోయింది మాత్రం తిరిగి రాలేదు. ఇంత శుభ్రంగా కుదిరిన రుజువు వైద్యంలో అరుదు. హార్మోను ఒక్కటే ఉంటే చాలదు, వంశం ఒక్కటే ఉంటే చాలదు. రెండూ కలవాలి. (ఆ మనుషుల్లో కొందరికి వృషణాలు ఎలా పోయాయన్న ప్రశ్నకి జవాబు అంత శుభ్రమైనది కాదు. ఆ రోజుల్లో అమెరికాలో మతిస్థిమితం లేనివాళ్ళని ఆశ్రమాల్లో పెట్టి బలవంతంగా ఆ పని చేసేవారు.)

రెండో ఘట్టం డొమినికన్ రిపబ్లిక్‌లో సాలినాస్ అనే పల్లెటూరు. అక్కడ కొందరు పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనిపించి, ఈడు వచ్చేసరికి మగవాళ్ళుగా మారేవారు. జూలియన్ ఇంపెరాటో-మక్‌గిన్లీ అనే వైద్యురాలు వాళ్ళని పరీక్షించి 1974లో 'సైన్స్' పత్రికలో కారణం రాసింది. వాళ్ళ ఒంట్లో టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉంది. దాన్ని డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా, అంటే డీహెచ్‌టీగా మార్చే 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ మాత్రం పనిచేయట్లేదు. పెద్దయ్యాక వాళ్ళు కండలు తిరిగిన మగవాళ్ళే. గడ్డం పలచన, ప్రోస్టేట్ చిన్నది. బట్టతల మాత్రం ఒక్కరికీ లేదు.

దీంతో గుట్టు రట్టయింది. నెత్తి మీది కుదుళ్ళని పట్టి పీడిస్తున్నది టెస్టోస్టిరాన్ కాదు, దాని కొడుకు డీహెచ్‌టీ. కుదురు అడుగున డెర్మల్ పాపిల్లా అనే చిన్న గుత్తి లాంటి కణజాలం ఉంటుంది, వెంట్రుకకి ఎంత లావుగా, ఎన్నాళ్ళు పెరగాలో చెప్పేది అదే. లొంగే కుదుళ్ళలో డీహెచ్‌టీ ఆ కణాల్లోకి పోయి ఆండ్రోజెన్ గ్రాహకానికి అతుక్కుంటుంది. అక్కణ్ణించి వెంట్రుకకి వెళ్ళే కబుర్లు మారిపోతాయి. ఏళ్ళతరబడి సాగాల్సిన పెరుగుదల నెలల్లో ముగుస్తుంది. విడత విడతకీ కుదురు కుంచించుకుపోతుంది, చివరికి నూగు మొలిపించడం మాత్రమే దానికి చేతనవుతుంది. బోడిగా కనిపించే నెత్తి మీద కుదుళ్ళు చావలేదు, చిన్నబోయాయి. బట్టతల చర్మంలో కూడా జుట్టు మూలకణాలు ఉంటూనే ఉన్నాయని 2011లో తేలింది. విచిత్రం ఏమిటంటే గడ్డం దగ్గర అదే డీహెచ్‌టీ ఇందుకు సరిగ్గా ఎదురు పని చేస్తుంది, నూగుని మీసం చేస్తుంది. ఒకే హార్మోను ఒకచోట నాటి, ఇంకోచోట పీకేస్తుందంటే తేడా కుదుళ్ళలోనే ఉండాలి.

మందుల కంపెనీ మెర్క్ ఈ ఎంజైమ్‌ని అడ్డుకునే ఫినాస్టెరైడ్‌ని తయారుచేసింది. 1992లో 5 మిల్లీగ్రాముల బిళ్ళ ప్రోస్టేట్ వాపుకి, 1997లో 1 మిల్లీగ్రాము బిళ్ళ బట్టతలకి అమెరికాలో అనుమతి పొందాయి. అనుమతికి ముందు జరిగిన పరీక్షల్లో 18 నుంచి 41 ఏళ్ళ మగవాళ్ళు 1,553 మంది పాల్గొన్నారు. మందు వేసుకున్నవాళ్ళలో 83 శాతం మందికి రెండేళ్ళ తర్వాత వెంట్రుకల లెక్క తగ్గలేదు, ఉత్తుత్తి బిళ్ళ మింగినవాళ్ళలో అలా నిలిచింది 28 శాతమే. ఆ రెండేళ్ళూ అందరికీ ఒకే రకం షాంపూ ఇచ్చారు. నీళ్ళు ఎవరికీ మార్చలేదు. మారిందల్లా ఒంట్లో డీహెచ్‌టీ.

ఇంకా నమ్మకం కుదరకపోతే స్టంప్‌టెయిల్ మకాక్‌ని అడగండి. మన ఈశాన్య రాష్ట్రాల అడవుల్లోనూ ఉండే కోతి అది. ఈడు రాగానే దానికి నుదురు బట్టతల అయిపోతుంది. దానికి షాంపూ లేదు, బండి లేదు, ఈఎమ్ఐ లేదు.

నిజం సగమే తెలుసుకున్నవాళ్ళు చేసే చేటు ఇంకో రకం. మగ హార్మోను కారణమని వినగానే "బట్టతల ఉన్నవాడికి మగతనం ఎక్కువ" అని మొదలెడతారు. సరదాగా అనుకుంటే పర్వాలేదు, ల్యాబుకి పోయి టెస్టోస్టిరాన్ పరీక్షలు చేయించుకునేవాళ్ళున్నారు. బట్టతల ఉన్న మామూలు మగవాడి రక్తంలో ఆ హార్మోను మామూలుగానే ఉంటుంది. ఎక్కువైంది హార్మోను కాదు, కుదురు దానికి లొంగే గుణం. అలాగే "అమ్మ వాళ్ళ నాన్నకి ఉంటేనే వస్తుంది" అనే సూత్రం. దానికి ఆధారం లేకపోలేదు. ఆండ్రోజెన్ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది, మగవాడికి అది తల్లి నుంచే వస్తుంది. కానీ కథ అక్కడితో అయిపోలేదు. బ్రిటన్‌లో 52 వేలమందికి పైగా మగవాళ్ళ జన్యువుల్ని చూసి 2017లో ప్రకటించిన అధ్యయనంలో బట్టతలకి సంబంధం ఉన్న స్థానాలు 287 తేలాయి. వాటిలో ఎక్స్ మీద ఉన్నవి 40, మిగతావి తల్లి వైపు నుంచైనా రావచ్చు, తండ్రి వైపు నుంచైనా రావచ్చు. అన్నదమ్ముల్లో ఒకడికి వచ్చి ఒకడికి రాకపోవడానికి కారణం ఇదే. "మా నాన్నకి లేదు, నాకెందుకొచ్చింది, నీళ్ళ వల్లే" అనే తర్కం చెల్లకపోవడానికీ ఇదే.

నీటి వాదం ఇంత గట్టిగా నిలబడటానికి కారణం శాస్త్రం తెలియకపోవడం ఒక్కటే అని నేననుకోను. పెళ్ళి సంబంధాలు చూస్తున్న ఇంట్లో కూర్చుని వినండి. "మా వంశంలో ఎవరికీ లేదండీ, సిటీ నీళ్ళకి అలా అయింది" అని అబ్బాయి తల్లి చెబుతుంది. నీళ్ళ మీద పెడితే అది మనవడికి రాదు, ఆడపిల్లవారు భయపడక్కర్లేదు, అల్లుడు ఊరు మారితే మళ్ళీ మొలుస్తుంది. వంశం మీద పెడితే తండ్రి కూడా ముద్దాయి అవుతాడు. ఆ తండ్రి సోఫాలో పక్కనే ఉంటాడు. ఆయన నెత్తి మీద ట్యూబ్‌లైట్ మెరుస్తూ ఉంటుంది, ఎవరూ అటు చూడరు.

ఇక వ్యాపారం. కొబ్బరినూనె వెంట్రుక లోంచి ప్రొటీన్ పోకుండా కాపాడుతుంది, ఆ మాట రుజువైందే. జుట్టుకి మంచిది. కుదురులో డీహెచ్‌టీకి అది అడ్డు కాదు. ఉల్లిరసం సంగతి ఇంకా తమాషా. దాన్ని పరీక్షించింది పేనుకొరుకుడు మీద. అది రూపాయి బిళ్ళంత మచ్చలుగా ఊడే వేరే జబ్బు, మన రోగనిరోధక శక్తే కుదురు మీద పడటం వల్ల వచ్చేది, చాలామందికి తనంతట తనే తగ్గేది. అక్కడి ఫలితాన్ని ఇక్కడ అంటగట్టి సీసాలు అమ్ముతున్నారు. బయోటిన్ బిళ్ళలు కూడా అంతే. ఆ లోపం ఉన్నవాళ్ళు అరుదు. ఎక్కువ మోతాదులో మింగితే థైరాయిడ్, గుండె పరీక్షల్లో తప్పు ఫలితాలు రావచ్చు. గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందన్న నమ్మకాన్ని అయితే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే పరిశోధకురాలు 1928లోనే కొలిచి చూసి కొట్టేసింది. కళ్యాణకట్టలో ఏటేటా తలనీలాలిచ్చే భక్తుల్లో బట్టతలలు ఉండనే ఉన్నాయి. స్వామికి మొక్కు చెల్లుతుంది, కుదురుకి కబురు అందదు.

చట్టానికీ ఇదంతా తెలుసు. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ జె అని ఒక పట్టిక ఉంది. నయం చేస్తామని గానీ నివారిస్తామని గానీ ఏ మందూ చెప్పుకోకూడని జబ్బుల పట్టిక అది. అందులో క్యాన్సర్, కంటిశుక్లం సరసన బట్టతల పేరుంది. కొత్త జుట్టు మొలిపించడమూ ఉంది. అందుకే ప్రకటన రాసేవాడు తెలివిగా తప్పుకుంటాడు. షాంపూ సీసా తిప్పి చూడండి. "జుట్టు రాలడం తగ్గుతుంది" అన్న పెద్ద అక్షరాల పక్కన చిన్న చుక్క గుర్తు ఉంటుంది. ఆ చుక్కని వెంబడించి అట్టడుగుకి పోతే చీమతలంత అక్షరాల్లో "తెగడం వల్ల రాలే జుట్టు" అని రాసుంటుంది. అంటే మీ గొడవతో వాళ్ళకి సంబంధం లేదని వాళ్ళే ఒప్పుకున్నారు.

వంశమే కారణం అనగానే "అయితే చేసేదేముంది" అని చేతులెత్తేసేవాళ్ళతో కూడా నాకు పేచీయే. భర్తృహరి పద్యంలో బట్టతలవాడు ఎండకి తాళలేక తాటిచెట్టు కిందికి పోతే నెత్తిన తాటిపండు పడుతుంది. విధి గురించి చెప్పడానికి అది బాగుంది, కుదుళ్ళ గురించి చెప్పడానికి కాదు. కారణం ఒంట్లో ఉందంటే పట్టు చిక్కిందని అర్థం. డీహెచ్‌టీని తగ్గించే ఫినాస్టెరైడ్ ఉంది. రక్తపోటు బిళ్ళగా మొదలై, వాడినవాళ్ళ ఒళ్ళంతా వెంట్రుకలు మొలిపించి, 1988లో అమెరికాలో నెత్తికి రాసుకునే మందుగా అనుమతి పొందిన మినాక్సిడిల్ ఉంది. రెండింటికీ పరిమితులున్నాయి. ఆపేస్తే నెలల్లో లాభం కరిగిపోతుంది. ఫినాస్టెరైడ్‌తో కొద్దిమందికి లైంగిక ఇబ్బందులు వస్తాయి, మందు ఆపినా అవి పోలేదని చెప్పేవాళ్ళున్నారు. మనసు కుంగడం గురించి కూడా హెచ్చరికలున్నాయి. గర్భిణులు ఆ బిళ్ళ పొడిని ముట్టుకోకూడదు. కాబట్టి మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే సరుకు కాదు, డాక్టరుతో తేల్చుకోవలసింది. ఏమీ వాడకుండా గుండుతో హాయిగా తిరగడం కూడా మంచి నిర్ణయమే, ఆ బట్టతల ఎవరికీ హాని చేయదు.

కానీ వాడదలచుకున్నవాడికి గడువుంది. ఈ మందులు పనిచేసేది సన్నబడుతున్న కుదుళ్ళ మీద. ఏళ్ళ కిందటే నున్నబడ్డ నెత్తి మీద వాటి ప్రభావం స్వల్పం. ఇరవై రెండేళ్ళప్పుడు నుదుటి మూలలు జరగడం గమనించినవాడు ముందు షవర్ ఫిల్టర్ కొంటాడు, తర్వాత రూము మారతాడు, తర్వాత ఉల్లిరసం, ఆ తర్వాత పండక్కి ఊరెళ్ళి గుండు. ఇరవై ఏడుకి డాక్టరు దగ్గరికి వస్తాడు, అప్పుడు కూడా అపార్ట్‌మెంట్ బోరు గురించే మొదలెడతాడు. ఫిల్టర్ మీద పెట్టిన డబ్బు పోతే పోయింది. ఆ అయిదేళ్ళలో నూగుగా మారిపోయిన కుదుళ్ళని మళ్ళీ పూర్తిగా లావు చేసే మందు ఆ డాక్టరు దగ్గర లేదు.